సభలో నోరు విప్పినవాళ్ళు

వాల్మీకిపురం

చిరంజీవి అమ్మణ్ణికి అత్త దీవించి రాసే ఉత్తరం.

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో ఊడ్చి తుడిచే ఆమె మీద ఎవరివో కమ్మలు పోయాయని దొంగతనం మోపారనీ, ఆ పొద్దు ఆమె మీ అంతస్తుకే రాలేదని నీకు తెలిసి కూడా వార్డెన్ ఎదుట నోరు పెగల్లేదనీ రాశావు. దాని కిందనే ఇంకో మాట రాశావు. చిన్నప్పటినుంచీ రామాయణం, భారతం విని పెరిగినా ఆ ఒక్క నిమిషంలో అవి అక్కరకు రాలేదని. మీ స్నేహితురాళ్ళు అన్నట్టు, చెట్టుచాటునుంచి వాలిని కొట్టిన కథలో వీరమూ ధర్మమూ వెతకడమే దండగేమో అని. ఈ రెండూ నీకు వేరువేరు సంగతుల్లా కనిపించినట్టున్నాయి. నాకు ఒకటే అనిపించింది. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు వాలి సంగతి. మీ స్నేహితురాళ్ళు అడిగిన ప్రశ్నను మొట్టమొదట అడిగినవాడు వాలే. కిష్కింధకాండ తీసి చూడు. బాణం తగిలి పడ్డవాడు ప్రాణం పోయేలోపల రాముణ్ణి నిలదీస్తాడు. నేను ఇంకొకడితో పోట్లాడుతుంటే చాటునుంచి కొట్టడం ఏ ధర్మమంటాడు. నీ భార్య కోసమే అయితే నన్నడిగుంటే ఒక్క రోజులో తెచ్చి ఇచ్చేవాణ్ణి గదా అంటాడు. అంతకు ముందే తార వద్దని బతిమాలి ఉంది. దెబ్బలు తిని పారిపోయిన సుగ్రీవుడు ఇంత తొందరగా మళ్ళీ వచ్చి అరుస్తున్నాడంటే వెనక అండ ఉన్నట్టే, అయోధ్య రాజకుమారుడు రాముడు తోడయ్యాడట అని హెచ్చరించింది. అప్పుడు వాలి ఏమన్నాడో చూడు. రాముడు ధర్మం తెలిసినవాడు, అలాంటివాడు పాపం ఎందుకు చేస్తాడని భార్యకు ధైర్యం చెప్పి బయటికి వచ్చాడు. రాముడి మీద నమ్మకంతో వచ్చి రాముడి బాణానికే పడ్డాడు. కవి దీన్ని దాచలేదు. వాలి నోట పెట్టి, ఒక సర్గ నిండా మాట్లాడనిచ్చాడు.

ఆ కవి ఎవరో ఆలోచించు. జంటగా తిరుగుతున్న క్రౌంచపక్షుల్లో ఒకదాన్ని బోయవాడు కొడితే తట్టుకోలేక శపించినవాడు. ఆ శాపమే శ్లోకమైందని బాలకాండ చెబుతుంది. ఏమరుపాటున ఉన్న ప్రాణిని దెబ్బతీసినందుకు వేటగాడి మీద వచ్చిన కోపంతో పుట్టిన కావ్యం అది. అలాంటి కావ్యంలో రాముడు వాలికి జవాబు చెబుతూ, నువ్వు మృగానివి, వేటగాళ్ళు మృగాలను చాటునుంచే కొడతారు గదా అంటాడు. తమ్ముడు సుగ్రీవుడి భార్య రుమను పట్టుకోవడం దండించవలసిన తప్పు అని కూడా అంటాడు, భరతుడి ఏలుబడిలో ఉన్న భూమి గనక దండించే హక్కు తనకుందంటాడు. కథలో వాలి ఒప్పుకుంటాడు. నేను బడిలో పనిచేసినన్నాళ్ళూ ఆ ఘట్టం చెబుతూ వచ్చాను. రుమ గురించి అన్న మాట నన్ను ఒప్పించింది. వేటగాడి మాట ఈనాటికీ ఒప్పించలేదు. ఒప్పించలేదని గట్టిగా చెప్పడానికి నాకు జంకు లేదు. ఆ ప్రశ్నను వాల్మీకే పుస్తకంలో వదిలిపెట్టాడు, మనం అడుగుతూ ఉండాలనే వదిలిపెట్టాడని నా నమ్మకం. ఆయన పేరు పెట్టుకున్న ఊళ్ళో ఉండి ఆయన ప్రశ్నలకు భయపడితే ఎట్లా?

రాముడిలో వీరం ఎక్కడుందో చూపించమంటే నేను వేరే చోట్లకు తీసుకుపోతాను. ఇక్కడ మన గుడిలో కొలువున్నది పట్టాభిరాముడు. వావిలిపాడు అనే పాత పేరుతో అన్నమయ్య కీర్తనల్లో పలికిన రాముడు ఈయనే. అడవులూ యుద్ధమూ అన్నీ అయిపోయి, సీతతో, తమ్ముళ్ళతో పట్టం కట్టుకున్న రాముడు. ఆ పట్టం ఎవరికి దక్కిందో గమనించు. రేపు పట్టాభిషేకం అని చెప్పి, తెల్లారేసరికి పద్నాలుగేళ్ళు అడవికి పొమ్మంటే, మొహం మాడ్చకుండా దిగిపోయినవాడికి. లక్ష్మణుడు విల్లు పట్టుకుని తిరగబడదామంటాడు. ఊరంతా రథం వెంటపడి ఏడుస్తుంది. ఆపై చిత్రకూటానికి భరతుడు వచ్చి రాజ్యం తిరిగి ఇస్తానంటాడు. జాబాలి అనే ఆయన, తండ్రేంది, మాటేంది, చచ్చాక ఏమీ లేదు, తిరిగొచ్చి రాజ్యమేలుకో అని వాదిస్తాడు. వెనక్కి రావడానికి ఎన్ని దారులో! తండ్రి మాట నిలబెట్టడానికి తాను నష్టపోవాలి గనక నష్టపోయాడు. తన ధర్మానికి తానే ఖర్చు పెట్టుకున్నాడు. వాలి దగ్గర ఆ ఖర్చు ఇంకొకడు పెట్టవలసి వచ్చింది. రెండు చోట్ల నా మనసు రెండు రకాలుగా కొట్టుకోవడానికి కారణం అదేననుకుంటాను.

యుద్ధకాండలో ఇంకో చోటుంది. రావణుడు పడ్డాక విభీషణుడు అన్నకు కొరివి పెట్టడానికి వెనకాడతాడు. పరస్త్రీని చెరబట్టినవాడికి నేను కర్మ చేయనంటాడు. వైరం చావుతోనే పోయింది, ఇక ఆయన నీకెంతో నాకూ అంతే, జరగవలసినది జరిపించు అని రాముడు చెబుతాడు. సీతను ఎత్తుకుపోయినవాడి గురించి సీత భర్త అన్న మాట ఇది. గ్రీకుల ఇలియడ్‌లో ఈ మాటే రావడానికి ఎంత బాధ పడవలసి వచ్చిందో చూడు. అకిలీసు హెక్టరును చంపి కసి తీరక శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు. చివరికి హెక్టరు ముసలి తండ్రి ప్రయాము రాత్రివేళ శత్రువు గుడారానికి వచ్చి, కొడుకును చంపిన ఆ చేతులనే ముద్దుపెట్టుకుని శవం అడుగుతాడు. ఒకడు కొడుకును తలుచుకుని, ఒకడు దూరాన ఉన్న తండ్రిని తలుచుకుని, ఇద్దరూ ఏడుస్తారు. ట్రాయ్ నగరం కూలేదాకా ఆ కావ్యం పోదు. హెక్టరుకు చితి పేర్చడంతో ఆగిపోతుంది. మన దేశంలోనూ ఆ దేశంలోనూ యుద్ధం గురించి పాడినవాళ్ళు గెలుపు దగ్గర ఆగకుండా శవం దగ్గరికి వచ్చారు.

గెలవనివాళ్ళ దగ్గరికి వస్తాను. నీకు పనికొచ్చేది వీళ్ళే. జటాయువు ముసలిది. రావణుణ్ణి ఆపలేనని దానికి తెలియదా? ముందు మంచిమాటలు చెప్పింది, వినకపోతే మీద పడింది, రెక్కలు తెగి కూలింది. సీతను కాపాడలేకపోయింది. అయినా అడవిలో అంతమంది దేవతలూ మునులూ చెట్లూ మృగాలూ చూస్తుండగా అడ్డం వెళ్ళింది అదొక్కటే. రాముడు తండ్రికి చేసుకోలేకపోయిన కర్మ ఆ గద్దకు చేశాడు. ఓడిపోయినందుకు జటాయువు విలువ ఎవరూ తగ్గించలేదు.

రావణుడి వైపు చూస్తే నిజం తెలిసినవాళ్ళు చాలామంది. మారీచుణ్ణి తీసుకో. రావణుడికి అతను చెప్పినన్ని బుద్ధులు ఇంకెవరూ చెప్పలేదు. తీపిగా మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, చేదైన హితం చెప్పేవాడూ వినేవాడూ అరుదు అని ముఖం మీదే అన్నాడు. రావణుడు చంపుతానన్నాడు. అంతే, ఆ నిజమంతా తెలిసినవాడు బంగారు లేడి వేషం కట్టాడు. కుంభకర్ణుడు ఇంకో రకం. నువ్వు చేసింది తప్పు అని నిండు సభలో అన్నకు చెప్పాడు, చెప్పి, అన్న కోసమే పోరాడి చచ్చాడు. విభీషణుడు చెప్పి చెప్పి, వినకపోతే వదిలేసి వచ్చాడు. మన సామెత ఇంటిగుట్టు లంకకు చేటు అంటుంది. జనం మనసులో విభీషణుడి మీద ఆ గుర్రు ఇంకా పోలేదు. నాకు కుంభకర్ణుడంటే జాలి, విభీషణుడంటే గౌరవం, మారీచుడంటే భయం. ఎందుకంటే మనలో ఎక్కువమందిమి మారీచులం. తెలియక చేసేవాళ్ళం కాదు.

ఇక సభ సంగతికి వస్తాను. అసలు రాయాలనుకున్నది ఇదే.

మన చిత్తూరు సీమలో, తమిళ సరిహద్దు పొడుగునా, ధర్మరాజుల గుళ్ళున్నాయి గదా. ఎండాకాలంలో ఆ ఊళ్ళల్లో భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తపసుమాను ఎక్కే అర్జునుడు, మిట్టమీద మట్టితో పోసిన ఆ పెద్ద దుర్యోధనుడు, చివర నిప్పులగుండం. ఆ గుడి ధర్మరాజు పేరు మీద ఉన్నా, జనం గుండంలో దిగేది ద్రౌపదమ్మను తలుచుకుని. ఎప్పుడైనా ఆలోచించావా, పల్లె జనం ఇంతమంది వీరుల్లో ఆమెనే ఎందుకు పట్టుకున్నారో? భీముడి గద ఉంది, అర్జునుడి గాండీవం ఉంది. ఆమె చేతిలో ఆయుధం లేదు. ఉన్నది ఒక ప్రశ్న.

నన్నయ సభాపర్వం మళ్ళీ జాగ్రత్తగా చదువు. జూదం ముగిశాక దుర్యోధనుడు పంపిన ప్రాతికామి వచ్చి సభకు రమ్మంటే ద్రౌపది ముందు ఏడవలేదు. వెనక్కి పోయి అడిగి రమ్మంది: ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? తానే ఇంకొకరి సొత్తయినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిది? ప్రాణం మీదికి వచ్చినవేళ అంత నిక్కచ్చిగా అడిగిన మాట ఇంకో కావ్యంలో నేను చదవలేదు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాక కూడా ఆమె అదే ప్రశ్న పట్టుకుని నిలబడింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం, చెప్పలేకపోతున్నానన్నాడు. ద్రోణుడు, కృపుడు తలలు వంచుకున్నారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు ఎవరి ఉప్పు తింటున్నారో వాళ్ళకు గుర్తొచ్చింది.

అప్పుడు లేచినవాడు వికర్ణుడు. దుర్యోధనుడి తమ్ముడు, చిన్నవాడు. పెద్దలు మాట్లాడరు గనక నేను చెబుతానని, జూదం మత్తులో ఉన్నవాడి పందెం చెల్లదని, ఆమె ఐదుగురి భార్య అయితే ఒకడే ఎట్లా ఒడ్డుతాడని, పైగా తన్ను తాను ఓడిన తర్వాత ఒడ్డాడని, శకుని రెచ్చగొట్టి ఒడ్డించాడని, ఒకటొకటిగా చెప్పాడు. కర్ణుడు కసిరాడు. పిల్లవాడివి, నీకేం తెలుసు, కూర్చోమన్నాడు. వికర్ణుడి మాట ఆ రోజు నెగ్గలేదు. తర్వాత ఆయన అన్నల వైపే యుద్ధానికి నిలబడ్డాడు, నూరుగురినీ చంపుతానన్న శపథం ఉంది గనక భీముడి చేతిలోనే చచ్చాడు. చంపి భీముడు బాధపడ్డాడు. ఇంత పెద్ద భారతంలో వికర్ణుడికి దొరికిన చోటు ఇంతే. ఆ చోటు లేకపోతే మాత్రం దుర్యోధనుడి తమ్ముళ్ళలో మనిషన్నవాడు లేడని చరిత్ర చెప్పుకునేది.

అదే సభలో విదురుడు ఒక లెక్క చెప్పాడు. సభలో అధర్మం జరిగితే దాని పాపంలో సగం సభకు పెద్దయినవాడిది, పావు చేసినవాడిది, పావు చూస్తూ ఊరుకున్నవాళ్ళది. నీకు గుండెలో కలుక్కుమంటున్నది ఆ పావే అమ్మణ్ణీ. కలుక్కుమనకపోతే నేను దిగులు పడేదాన్ని. తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడి రాయబారం దగ్గరికి వచ్చినప్పుడు ఇదే మాటకు పద్యరూపం ఇచ్చాడు, ఆపగలిగి ఊరుకున్నవాళ్ళకు అది చేటని. బడిపిల్లల చేత కంఠతా పట్టించిన పద్యం. కంఠతా పట్టినంత మాత్రాన నోరు పెగలదు, అది నిజం. నువ్వు పుస్తకాలు అక్కరకు రాలేదన్నావు. ఆ రాత్రి నీకు నిద్ర పట్టకుండా చేసింది ఏది మరి? అక్కరకు రావడం అక్కడ మొదలైంది.

ద్రౌపది గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ధృతరాష్ట్రుడు భయపడి వరాలడుగు అన్నప్పుడు ఆమె మొదటి వరంగా ధర్మరాజుకూ, రెండో వరంగా మిగతా నలుగురికీ విడుదల అడిగింది. మూడోది అడగమంటే అక్కరలేదంది. ఆశకు అంతు ఉండదు, నా వాళ్ళు విడుదలయ్యారు, ఇక తమ చేతులతో తాము సంపాదించుకుంటారు అంది. తనను ఒడ్డినవాణ్ణే ముందు విడిపించింది. నిప్పుల్లో నడిచే జనం ఎవరికి మొక్కుతున్నారో ఇప్పుడు చెప్పు.

నీ ఉత్తరంలో ఇంకో దిగులు కనిపించింది. ప్రశ్నలు వస్తున్నాయంటే భక్తి పోయిందేమో, ఇంట్లో అవ్వకు తెలిస్తే బాధపడుతుందేమో అని. మన పక్కనే తరిగొండ ఉంది గదా. 1730లో అక్కడ పుట్టిన వెంగమాంబను చూడు. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, భర్త పోయాడు. ఆ కాలంలో అలాంటి ఆడపిల్లకు ఊరు ఏం చేస్తుందో నీకు చెప్పనక్కరలేదు. ఆమె తల చేయించుకోనంది. బొట్టు తీయనంది. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయన ఉన్నంతకాలం నేను సుమంగళినే అంది. ఆమె చుట్టూ మహిమల కథలు చాలా అల్లుకున్నాయి, వాటి జోలికి నేను పోను. ఊరి పెద్దలూ మఠాల పెద్దలూ ఒకవైపు, దిక్కులేని ఒక ఆడపిల్ల ఒకవైపు. ఆమెను నిలబెట్టింది భక్తి. శాస్త్రం చెప్పినవాళ్ళకంటే దేవుడు తనకు దగ్గరనే నమ్మకంతోనే ఆమె ఎదురు చెప్పగలిగింది. మదనపల్లె రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఆమెకు గురువై నేర్పారు, అలాంటి గురువులూ ఆ కాలంలోనే ఉన్నారు. తర్వాత తిరుమల చేరింది. ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు రాసింది. 1817లో పోయింది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని తిరుమలలో ఏకాంతసేవ గురించి ఈనాటికీ చెప్పుకుంటారు. తిరుమలలో యాత్రికులకు అన్నం పెట్టే ఆ పెద్ద భవనానికి ఇప్పుడు ఆమె పేరే. బొట్టు తీయనన్నందుకు దూరం పెట్టిన మనిషి పేరు చెప్పుకుని రోజూ వేలమంది తింటున్నారు.

ఇటు మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే దివ్యజ్ఞాన సమాజంవాళ్ళు లోకానికి గురువు కాబోయేది ఇతనేనని తేల్చారు. 1911లో ఆయన్ను పెద్దను చేసి ఒక సంఘం పెట్టారు. దేశదేశాల్లో సభ్యులు, ఆస్తులు, కోటలాంటి భవనం, కాళ్ళకు మొక్కేవాళ్ళు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో తన అనుచరుల ముందే ఆ సంఘాన్ని రద్దు చేస్తున్నానని చెప్పాడు. నాకు శిష్యులు వద్దు, సత్యానికి ఒకరు వేసిన దారంటూ లేదు అన్నాడు. ఇచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇప్పించాడు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. తనను పెంచి పెద్దచేసిన అనిబిసెంటమ్మ కూడా ఆ సభలో ఉందంటే, ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో చూడు.

ఒకామె దేవుణ్ణి వదలనని నిలబడింది. ఒకాయన దేవుడిగా ఉండనని నిలబడ్డాడు. ఇద్దరి ఊళ్ళకూ ఇక్కడినుంచి బస్సులో పోయి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. నమ్మకం ఉంటేనే ధైర్యమని ఒకరూ, నమ్మకం వదిలితేనే ధైర్యమని ఒకరూ నీకు చెబుతారు. ఈ ఇద్దరినీ చూశాక నాకు ఆ వాదన మీద ఆసక్తి పోయింది. ఎవరికి మేలు కావాలని నిలబడ్డారు, ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు అని మాత్రమే అడుగుతాను. మీ అవ్వ సంగతికి వస్తే, ఆమె నువ్వనుకున్నదానికంటే గట్టి మనిషి. సీతను మళ్ళీ అడవికి పంపిన ఘట్టం వచ్చినప్పుడల్లా హరికథ మధ్యలోనే లేచి వచ్చేసేది. మరునాడు పొద్దున్నే గుడికి పోయేది. ఆ రెండూ ఆమెకు అడ్డం రాలేదు.

సీత మాట వచ్చింది గనక చెబుతాను. అగ్నిప్రవేశం దగ్గర నీ స్నేహితురాళ్ళ కోపం నాకూ ఉంది. ఆ చోట సీత ఊరుకుందనుకుంటే పొరపాటు. పామరుడు పామరురాలితో మాట్లాడినట్టు నాతో మాట్లాడుతున్నావేమని అందరి ముందూ రాముణ్ణి అడిగింది. దానికి కాస్త ముందు ఇంకో చిన్న సంగతి జరిగింది, చాలామంది దాన్ని దాటిపోతారు. గెలిచిన వార్త చెప్పడానికి హనుమంతుడు అశోకవనానికి వచ్చి, నిన్ను ఇన్నాళ్ళు పీడించిన ఈ రాక్షసస్త్రీలను చంపనివ్వమ్మా అంటాడు. సీత వద్దంటుంది. వాళ్ళు రాజు చెప్పినట్టు చేసిన దాసీలు, వాళ్ళమీద కోపమెందుకు, తప్పు చేయనివాడు ఎవడున్నాడు అంటుంది. పులి తరిమితే చెట్టెక్కిన మనిషిని అదే చెట్టు మీదున్న ఎలుగుబంటి కాపాడిన కథ చెబుతుంది. ఆ మనిషే తర్వాత ఎలుగును కిందికి తోయబోయినా, ఎలుగు మాత్రం అతన్ని పులికి వదిలిపెట్టలేదు. పది నెలలు చెరలో ఉన్న ఆడమనిషి విడుదలైన నిమిషంలో పనిమనుషుల ప్రాణం గురించి ఆలోచించింది. రామాయణంలో నన్నడిగితే ఇంతకు మించిన వీరం లేదు. లంకను కాల్చడం దీని ముందు చిన్నది.

అందుకే ఒకవైపు పుస్తకాలే చదవొద్దు. విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షమూ చదువు, 1970లలో రంగనాయకమ్మ రాసిన రామాయణ విషవృక్షమూ చదువు. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి రాసిన శంబూకవధ చదువు. ఊర్మిళాదేవి నిద్ర లాంటి ఆడవాళ్ళ పాటలు దొరికితే విను. పద్నాలుగేళ్ళు వదిలేసి పోయిన మొగుడు వచ్చి లేపితే ఊర్మిళ ఆయన్ను ఎన్ని మాటలంటుందో! వీళ్ళందరూ ఆ కథతో పోట్లాడారంటే ఆ కథను లెక్కచేశారనే అర్థం. ఉత్తరకాండ తర్వాతి కాలంలో చేరిందని పండితులు చాలామంది అంటారు. అయినా అందులో ఒక ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. రాజు వదిలేసిన సీతకు చోటిచ్చింది కవి. ఆమె పిల్లల చేత రాజు సభలోనే రాజు కథ పాడించాడు. తాను చేసినదంతా రాముడు కూర్చుని వినవలసి వచ్చింది.

ఇక నువ్వు చేయవలసింది. ఆలస్యమైపోయిందని రాశావు. ఆమెను పనిలోంచి తీసేసి వారమే అయిందంటున్నావు, అంత ఆలస్యం కాలేదు. వార్డెన్ దగ్గర మాటతో చెప్పకు, మాట గాలికి పోతుంది. ఆ రోజు ఆమె ఏ అంతస్తులో పనిచేసిందో, నువ్వు ఎన్ని గంటలకు ఎక్కడ చూశావో కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వు. ఒక నకలు నీ దగ్గర పెట్టుకో. దొంగ ఎవరో నువ్వు తేల్చొద్దు, నీకు తెలియదు. చూసినంతవరకే రాయి. నీతో చూసినవాళ్ళు ఇంకొకరుంటే అడుగు, రానంటే బలవంతపెట్టొద్దు, వాళ్ళ భయం వాళ్ళది. నిన్ను కసురుతారు. కమ్మలు పోయిన పిల్ల కొన్నాళ్ళు మాట్లాడదు. గది మార్చమంటారేమో, మారు. అన్నిటికంటే కష్టమైనది, ఇంత చేసినా ఆమెకు పని తిరిగి రాకపోవచ్చు. ఆమె ఇల్లు కనుక్కుని పోయి, నేను ఈ కాగితం ఇచ్చాను అని చెప్పు. ఇంకో చోట పని అడగడానికి పోతే ఆ నకలు ఆమెకు పనికొస్తుంది.

మీ నాయనతో నేను మాట్లాడాను. కోప్పడలేదు, హాస్టల్ మారవలసి వస్తే డబ్బులు సర్దుతానన్నాడు. నవమికి సెలవు దొరికితే రా, దొరకకపోతే దిగులు పడొద్దు, ముందు ఆ పని చూడు. నా సభాపర్వం ప్రతి ఈ వారం అటువైపు వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపుతాను, మార్జిన్లలో నా గీతలున్నాయి, వాటిని పట్టించుకోకు.

ఒకటి అడగాలి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కమ్మలు ఎవరివో రాశావు, వార్డెన్ ఏమందో రాశావు. ఆ ఊడ్చే ఆమె పేరు ఎక్కడా లేదు. కాగితంలో రాయాలంటే పేరు కావాలి. కనుక్కుని నాకూ రాయి.

ఇట్లు,
మీ అత్త